ఒక దెబ్బకు ఒకే శబ్దం

ఒక ప్యాడ్‌ను కొడితే ఒక్క శబ్దమే రావడం, అదే నాగలింగం సాధించిన మొదటి విజయం.

ఇందులో గొప్పేముంది అనేవాళ్లు 1996 ఏప్రిల్ నెలలో గుడియాత్తంలో అతని ఇంటి వసారాలో ఒక్క పూట కూర్చుని ఉంటే తెలిసేది. ఎనిమిది నల్ల రబ్బరు ప్యాడ్లు, వాటిని బిగించిన ఇనప స్టాండు, పక్కన స్టూలు మీద చిన్న అద్దపు కిటికీలో అంకెలు వెలిగే డ్రమ్ మాడ్యూల్, అంటే ప్యాడ్ మీది దెబ్బను డ్రమ్ము శబ్దంగా మార్చే కరెంటు పెట్టె. ఏ ప్యాడ్‌ను కొట్టినా దాని పక్కనున్న రెండు మూడు కూడా మోగేవి. డ్రమ్ము కొడితే తాళం పలికేది, తాళం కొడితే డ్రమ్ము దడదడలాడేది. ఇలా పదకొండు రోజులు. పన్నెండో రోజు పొద్దున నాగలింగం కర్ర పైకెత్తి ఒక్క దెబ్బ వేశాడు. ‘టప్’ అని ఒక్కటే శబ్దం. మిగతా ఏడూ నోరు మూసుకుని కూర్చున్నాయి.

వంటింట్లోంచి భార్య కాంతమ్మ గొంతు ఎగతాళిగా వినిపించింది. “ఏం బావా, మిగిలినవి చెడిపోయినాయా?”

“చెడిపోలా కాంతా, బాగుపడినాయి!” అని పెద్దగా నవ్వాడు నాగలింగం. అంత గట్టిగా అతను నవ్వి రెండేళ్లయింది.

ఆ రెండేళ్ల కథ చెప్పాలి.

నాగలింగం వాళ్లది ఇళ్లు కట్టే వంశం. తాత పొన్నై నుంచి తాపీ చంకన పెట్టుకుని వచ్చినవాడు. నాగలింగం తమిళ బడిలో ఎనిమిదో తరగతి దాకా చదివాడు. తెలుగు నోటి నిండా ఉంది గానీ అక్షరం రాదు. పద్దెనిమిదో ఏట తాపీ పట్టాడు, ఇరవై రెండో ఏటికి మేస్త్రీ అయ్యాడు. రాయవేలూరులో ఒక కల్యాణ మండపం లోపలి కప్పుకు అతను పూసిన పూత మీద ఈ రోజుకీ వెంట్రుకంత బీట లేదు. గుడియాత్తం చుట్టుపక్కల పదకొండు నీళ్ల ట్యాంకులు కట్టాడు, ఒక్కటీ కారలేదు. ఇవి ఎవరైనా పోయి చూసుకోవచ్చు.

పగలు తాపీ, సాయంత్రం డ్రమ్స్. తంగవేలు నడిపే పౌర్ణమి ఆర్కెస్ట్రాలో పద్నాలుగేళ్లు డ్రమ్ములు వాయించాడు నాగలింగం. ఆంబూరు, వాణియంబాడి, పేర్ణాంబట్టు, చిత్తూరు, ఎక్కడ పెళ్లి ఉన్నా, తిరునాళ్లు ఉన్నా ఆ సీటు అతనిదే. పాటకు నడక ఇచ్చేది ఎడమ చెయ్యి. కుడి చెయ్యి తాళం మీద చిందులేస్తుంటే, ఎడమ చెయ్యి నడిమి డ్రమ్ము మీద ఒక్కొక్క దెబ్బా గోడకు ఇటుక పేర్చినట్టు వేసుకుంటూ పోవాలి. నాగలింగం ఎడమ చెయ్యికి జిల్లాలో సాటి లేదని చెప్పుకునేవాళ్లు.

1994లో సత్తువాచారిలో ఒక మేడకు సెంట్రింగు విప్పుతుంటే పలక జారి ఆ ఎడమ మణికట్టు మీదే పడింది. రాయవేలూరులో డాక్టర్లు చెయ్యిని నిలబెట్టారు. అన్నం కలుపుకోవచ్చు, చొక్కా గుండీ పెట్టుకోవచ్చు. బలం మాత్రం మూడొంతులు పోయింది. తాపీ పని పోయి, మామ బలరామయ్య దగ్గర కొలతలు చూసే పనికి కుదిరాడు. డ్రమ్ముల సీటు కూడా పోయింది. ఎడమ చెయ్యి కొట్టిన దెబ్బ మొదటి వరసకే వినబడకపోతే ఆర్కెస్ట్రా ఎట్లా నడుస్తుంది? తంగవేలు పొమ్మనలేదు. నాగలింగమే కర్రలు గుడ్డలో చుట్టి అటక మీద పెట్టేశాడు.

అప్పుడే పైదేశాల సామాను మద్రాసులో వీధివీధినా దొరకడం మొదలయింది. రెండేళ్ల తర్వాత, మానేసిన ఒక ట్రూపు దగ్గర తంగవేలు ఆ మాడ్యూలూ ఎనిమిది ప్యాడ్లూ తీసుకుని, గోనెసంచిలో వేసి, బస్సులో ఒడిలో పెట్టుకుని తెచ్చాడు. స్టాండు లేదు. ఎట్లా కలపాలో చెప్పేవాళ్లు లేరు. ఇంగ్లీషు పుస్తకం ఒకటి మాత్రం ఉంది. తిన్నగా నాగలింగం ఇంటికే వచ్చాడు.

“ఎన్న నాగలింగం, దీన్ని గట్టిగా కొట్టే పని లేదంట. వేలితో తట్టినా పిడుగు పడినట్టు పలుకుతాదంట. నీకోసమే తెచ్చినాను అని అబద్ధం చెప్పను. కానీ తెచ్చేటప్పుడు నువ్వే గుర్తుకొచ్చినావు.”

నాగలింగం ప్యాడ్‌ను బోర్లించి చూశాడు. వెనక ఒకే ఒక తీగ పెట్టే సందు. “నా చేత అవుతాదా అన్నా?”

“గంగమ్మ శిరసు పండగ దాకా టైం ఉండాది. ఆ సాయంత్రం స్టేజీ మీద ఇది సరిగ్గా పలికితే సీటు నీదే. లేదంటే రాయవేలూరు కార్తిని పిలిపిస్తా. తప్పుగా తీసుకోవద్దప్పా, ఆర్కెస్ట్రా నడవాల కదా.”

“ఇందులో తప్పేముండాది,” అన్నాడు నాగలింగం. ఆ పూట అన్నం సగమే తిన్నాడు.

తీగలు కలపడం కష్టం కాలేదు. ప్యాడ్ వెనక ఒక పిన్ను, మాడ్యూల్ వెనక ఒక పిన్ను. మొదటి సందు కాలితో తొక్కే డ్రమ్ముకు, రెండోది నడిమి డ్రమ్ముకు, తర్వాత మూడు చిన్న డ్రమ్ములకు, చివరి మూడు తాళాలకు. ఎనిమిది తీగలకు ఎనిమిది రంగుల దారాలు కట్టాడు, ఇంటి వైరింగు చేసేవాడు కట్టినట్టే. తప్పు జరిగింది స్టాండు దగ్గర.

తప్పు అనేకన్నా అలవాటు అనాలి. బలరామయ్య నలభై ఏళ్లు కట్టడాలు కట్టినవాడు. అతని లెక్కలో లోకంలో రెండే రకాల పనులు ఉన్నాయి, కదిలేవి, మంచివి. స్టాండు అనగానే రెండంగుళాల యాంగిల్ ఇనుము తెప్పించి, దగ్గరుండి వెల్డింగు పెట్టించి, ఎనిమిది ప్యాడ్లను ఒకే చట్రానికి బోల్టులతో బిగించాడు. నాగలింగం కూడా అదే బడిలో చదివినవాడు కదా, స్పానరు తీసుకుని ఇంకో చుట్టు బిగించాడు.

“ఇంక ఏనుగు తొక్కినా కదలదు,” అన్నాడు బలరామయ్య.

ఏనుగు సంగతేమో గానీ, మొదటి దెబ్బకే ఎనిమిదింట్లో నాలుగు పలికాయి. ఇంకా బిగించారు. అయిదు పలికాయి. వసారాలో గొయ్యి తవ్వి స్టాండు కాళ్లను కాంక్రీటులో నిలబెడదామని బలరామయ్య అన్నప్పుడు, కాంతమ్మ తవ్వుకోల తీసుకుని దాచిపెట్టింది.

ఇంగ్లీషు పుస్తకం చదివి పెట్టింది ఆరోకియమేరి. ఆర్కెస్ట్రాలో పాడే మనిషి, పగలు చిన్నపిల్లల బడిలో టీచరు. ఆదివారం చర్చి నుంచి నేరుగా వచ్చి, వసారాలో చాప మీద కూర్చుని, ఒక్కొక్క పేజీ తెలుగులోకీ తమిళంలోకీ కలిపి చెప్పింది.

“అన్నా, ఇది సెన్సిటివిటీ. పెంచితే మెల్లగా తాకినా పెద్దగా పలుకుతాది. ఇది త్రెషోల్డ్. గడప అన్నమాట. ఈ గడప ఎత్తుకు రాలేని దెబ్బను పెట్టె లోపలికి రానియ్యదు.”

“గడప తెలుసులేమ్మా, ఎన్ని పెట్టలేదు నేను,” అన్నాడు నాగలింగం. “ఒకటి కొడితే ఇంకొకటి మోగే రోగానికి మందు చెప్పిందా?”

“క్రాస్‌టాక్ అని ఒకటుండాది. అది పెంచి చూడమంటాది.”

పెంచి చూశాడు. పక్కవి మోగడం తగ్గింది గానీ, రెండు చేతులూ ఒకేసారి వేస్తే ఒక దెబ్బను పెట్టె మింగేసింది. అన్నీ ఒక నోటుపుస్తకంలో రాసుకున్నాడు, తెలుగు మాటలు తమిళ అక్షరాల్లో. బలరామయ్యకు తెలుగు చదవడం వచ్చు, తమిళం రాదు. అల్లుడి పుస్తకం తిరగేసి, “ఏం రాసినావో దేవుడికే తెలియాల,” అన్నాడు.

“దేవుడికి తెలిస్తే చాలు మామా, ఆయన్నే అడగల్ల ఇంక,” అన్నాడు నాగలింగం.

పదకొండో రోజు పరిష్కారం పేర్ణాంబట్టు బస్సు దిగి వచ్చింది. కాంతమ్మ అక్కడ బూట్ల పైభాగాలు కుట్టే కంపెనీలో మిషను మీద పని చేస్తుంది. వచ్చీరాగానే చెప్పుల్తోనే వసారాలో నిలబడి, మొగుడు కొట్టడం, ఇనుము వణకడం కాసేపు చూసింది. స్టాండు మీద అరచెయ్యి పెట్టింది.

“బావా, ఈ చివర కొడితే ఆ చివర నా చేతికి తెలస్తా ఉండాది.”

“అదేగా రోగం!”

“మా కంపెనీలో ఒక మిషను తొక్కితే పక్క మిషను సూది అదురుతాది. దానికని మిషను కాళ్ల కింద స్పాంజి పెడతారు. ఇనుముకీ ఇనుముకీ మాట కలవకుండా నడమ మెత్తటిది ఏదన్నా ఉండాల. మీరు మామా అల్లుళ్లు కలిసి ఎనిమిదింటినీ ఒక్కటిగా బిగించేసినారు. ఒకటి ఏడిస్తే అన్నీ ఏడవకుండా ఎట్లుంటాయి?”

మరునాడు పొద్దున్నే సూపర్‌వైజరు ఇచ్చిన బూటు అడుగుల స్పాంజి ముక్కలు టిఫిను సంచిలోంచి తీసి చాప మీద పోసింది. అనుమానం ముందే ఉంది గనక ముందురోజు కంపెనీలోనే అడిగి తెచ్చి, తెల్లారేదాకా చెప్పకుండా పెట్టుకుంది. నాగలింగం వాటిని గుండ్రంగా కోసి, ప్రతి బోల్టుకూ ఇటొకటి అటొకటి తొడిగాడు. ఆ తర్వాత పని చాలా కష్టమైనది. బోల్టును అరచుట్టు వదులుగా వదిలిపెట్టాలి. మేస్త్రీగా బతికిన మనిషికి అది ఎంత కష్టమో మేస్త్రీకే తెలుసు. మూడుసార్లు స్పానరు కింద పెట్టి మూడుసార్లు మళ్లీ తీశాడు. కాంతమ్మ స్పానరు లాక్కుంది.

ఆ పన్నెండో రోజు వచ్చిన ‘టప్’ గురించే మొదట చెప్పాను.

తర్వాత ఎడమ చెయ్యి సంగతి. నడిమి డ్రమ్ము ప్యాడుకు సెన్సిటివిటీ పదహారులో పద్నాలుగుకు పెంచాడు, గడప ఒకటికి దించాడు. కర్రను ఎడమ చేతిలో పట్టుకుని, ఉన్న కొద్ది బలంతో జారవిడిచాడు. స్పీకరులోంచి పాత నాగలింగం దెబ్బ వచ్చింది. ఇటుక మీద ఇటుక పెట్టినట్టు, తూకం తప్పకుండా. ఆపకుండా మధ్యాహ్నం దాకా వాయించాడు. కాంతమ్మ ఆ రోజు పేర్ణాంబట్టు బస్సు ఎక్కలేదు.

తమిళుల వైకాసి నెల ఒకటో తేదీ, అంటే మే నడుమ, అమ్మవారి శిరసును ఊరేగించే గంగమ్మ శిరసు పండగ. గుడియాత్తం వీధులన్నీ జనం. కౌండిన్య ఏటి ఒడ్డున సర్వి కొయ్యలు పాతి, పైన పలకలు పరిచి స్టేజీ కట్టారు. మధ్యాహ్నం నాలుగింటికి నాగలింగం ప్యాడ్లు బిగించి, దారాల రంగులు చూసి తీగలు కలిపి, పుస్తకంలో అంకెలు చూసి మాడ్యూల్‌లో అవే ఉన్నాయని సరిచూసుకున్నాడు. స్టేజీ పక్కన కుర్చీలో కార్తి కూర్చుని ఉన్నాడు. ఇరవై ఆరేళ్ల మంచి వాయిద్యగాడు, ఒళ్లో కర్రల సంచి. తంగవేలు ముందుజాగ్రత్తగా పిలిపించాడు. నాగలింగం అతన్ని చూసి, తన కర్రలు చేతిలోకి తీసుకున్నాడు.

నాలుగు దెబ్బలు వేశాడు. నాలుగు శబ్దాలు. అంతా బాగుంది. అప్పుడు మైకు సెట్టువాళ్లు పెద్ద స్పీకర్లు ఆన్ చేసి బాస్ గిటారు వదిలారు. పలకల స్టేజీ కింద నుంచి గుమ్మని అదిరింది. ఎవరూ తాకకుండానే నడిమి డ్రమ్ము ప్యాడ్ ‘టప టప టప’ అని తనంతట తానే మోగడం మొదలెట్టింది.

“గంగమ్మే వాయిస్తా ఉండాదప్పా!” అని మైకువాడు నవ్వాడు. నాగలింగానికి నవ్వు రాలేదు.

“గడప పెంచు, గడప పెంచు,” అన్నాడు తంగవేలు. అతనికీ ఆ మాట అలవాటయిపోయింది.

నాగలింగం గడపను ఒకటి నుంచి అయిదుకు పెంచాడు. దానంతట అది మోగడం ఆగింది. ఎడమ చెయ్యి వేశాడు. శబ్దం లేదు. మళ్లీ వేశాడు, లేదు. నాలుగు దెబ్బల్లో ఒక్కటే లోపలికి వెళ్లింది. నాలుగుకు దించాడు, రెండు వెళ్లాయి గానీ బాస్ మోగితే ప్యాడ్ మళ్లీ మొదలెట్టింది. స్టేజీ వణుకూ అతని ఎడమ చెయ్యీ ఇంచుమించు ఒకే బలంగా ఉన్నాయి. దాన్ని ఆపే గడప దీన్నీ ఆపేస్తుంది. కర్ర ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

తంగవేలు మెడ తుడుచుకున్నాడు. “నాగలింగం… ఏడున్నరకు మొదలెట్టాల.”

“తెలుసన్నా. కార్తిని కూచోబెట్టు. నా చెయ్యి బలం ఎంతో పెట్టెకు తెలిసిపోయింది.”

కార్తి కుర్చీలోంచి లేవలేదు. “ఇంకా టైం ఉండాది అన్నా. తొందరేముండాది? చూద్దాం,” అన్నాడు.

బలరామయ్య అంతదాకా స్టేజీ కింద నిలబడి సర్వి కొయ్యలు ఎట్లా పాతారో చూసి తిట్టుకుంటున్నాడు. గోలంతా విని పైకి ఎక్కాడు. ప్యాడ్‌ను చూడలేదు, స్టాండు కాళ్లను చూశాడు. కాళ్లు పలకల మీద ఉన్నాయి. పలకల వణుకు కాళ్లలోంచి పైకి పోతోంది.

“అల్లుడూ, పాతగోడ పక్కన సమ్మెటతో బండ పగలగొట్టేటప్పుడు గోడ అదరకుండా ఏం చేస్తామప్పా?”

నాగలింగం తల ఎత్తాడు. “ఇసక పోస్తాము.”

“మరి ఏటి ఒడ్డునే కూచున్నావు కదా! నీ మొహం చూస్తే ఇసక కోసం కాశీకి పోవాల అన్నట్టుండాది.”

దగ్గరలోనే బలరామయ్య కట్టిస్తున్న ఇంటి దగ్గర నుంచి సిమెంటు మోసే ఇనప బాండ్లీలు నాలుగు వచ్చాయి. కౌండిన్య ఏట్లో ఎండ తగిలే చోట తవ్విన పొడి ఇసక నింపారు. ఒక బాండ్లీ బలరామయ్య తెచ్చాడు, ఒకటి తంగవేలు. మిగిలిన రెండూ కార్తి రెండు చంకల్లో పెట్టుకుని మెట్లెక్కాడు, ఇస్త్రీ చొక్కా అంతా ఇసకే. స్టాండు నాలుగు కాళ్లనూ ఇసకలోకి దించారు. కాలు బాండ్లీ అడుగుకు తగలకుండా బెత్తెడు ఎత్తు ఇసక ఉంచాలని నాగలింగం కొలిచి చూపించాడు. కొలతలు అతని పనే కదా.

గడపను మళ్లీ ఒకటికి దించాడు. బాస్ వదలమని చెయ్యి ఊపాడు. స్టేజీ గుమ్మని అదిరింది. ప్యాడ్ పలకలేదు. ఎడమ చెయ్యి ఎత్తి జారవిడిచాడు.

ఆ దెబ్బ ఏటి అవతలి ఒడ్డున బొరుగులు అమ్ముకునే మనిషికి కూడా వినబడింది.

“ఏమప్పా,” అన్నాడు బలరామయ్య మీసం తడుముకుంటూ, “చివరికి నిలబెట్టింది మా బాండ్లీలే కదా?”

“నిలబెట్టింది ఇసక మామా. కదిలేది. మీ లెక్కలో మంచిది కానిది!”

మెట్ల దగ్గర నిలబడిన కాంతమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “వదులుగా ఉంటే ఏదీ చెడిపోదని మా నాయనకు అరవై ఏళ్లకు తెలిసొచ్చింది,” అంది.

ఆ సాయంత్రం పౌర్ణమి ఆర్కెస్ట్రా ఇరవై రెండు పాటలు వాయించింది. ఆరోకియమేరి తొమ్మిది పాడింది. ఎడమ చెయ్యి ఒక్క దెబ్బ కూడా తప్పలేదు. తొలి పాట అయ్యాక ముందుగా చప్పట్లు కొట్టింది కార్తి.

తర్వాతి సంవత్సరం లెక్క ఇది. ఆంబూరులో రెండు ట్రూపులకు, వాణియంబాడిలో ఒకదానికి, చిత్తూరు కాలేజీ కుర్రాళ్ల బృందానికి ప్యాడ్లు కలిపి, అంకెలు సర్ది ఇచ్చినవాడు నాగలింగం. పేర్ణాంబట్టు చర్చిలో క్రిస్మసు పాటలకు వాయించాడు. కార్తి కూడా మాడ్యూల్ కొన్నాడు. దాన్ని అమర్చి ఇచ్చింది నాగలింగమే, స్పాంజి కోసి ఇచ్చింది కాంతమ్మ. ఎవరి చెయ్యి ఎంత బరువో ముందు చూస్తాడు, తర్వాతే అంకె పెడతాడు. బరువు చెయ్యికి ఒక అంకె, తేలిక చెయ్యికి ఒక అంకె. నోటుపుస్తకంలో ఇప్పటికి పంతొమ్మిది మంది చేతులు తమిళ అక్షరాల్లో ఉన్నాయి. ఏ ఊరు పోయినా నాలుగు బాండ్లీలు ఆర్కెస్ట్రా వ్యానులో ఉండాల్సిందే. మైకువాళ్లు ఇప్పుడు నవ్వడం మానేశారు, ఇసక ఎక్కడ దొరుకుతుందో ముందే చూసిపెడతారు.

1997 ఫిబ్రవరిలో జోలార్‌పేట రైల్వేవాళ్ల వార్షికోత్సవంలో వాయిస్తుంటే, ఖరగ్‌పూర్ నుంచి చుట్టపుచూపుగా వచ్చిన రైల్వే తెలుగాయన ఒకరు విన్నారు. అక్కడి తెలుగు కాలనీలో ఆర్కెస్ట్రా ఉంది, కొత్తగా ప్యాడ్లు కొన్నారు, ఏది కొట్టినా అన్నీ మోగుతున్నాయట. నాగలింగానికి ఆ రోగం పేరు చెప్పనక్కర్లేదు. మూడు వారాలు ఉండి, అమర్చి, నేర్పించి, వాళ్లతో కలిసి నాలుగు కచేరీలు వాయించి పొమ్మని టిక్కెట్టు పంపారు.

ఆ ఏడు శిరసు పండగ కచేరీ ముగించుకుని, మే పద్దెనిమిదిన ఆదివారం బయలుదేరాడు. సంచిలో స్పాంజి ముక్కలు, స్పానరు, నోటుపుస్తకం. బలరామయ్య రెండు బాండ్లీలు కూడా తీసుకుపొమ్మని స్టేషను దాకా మోసుకొచ్చాడు.

“ఖరగ్‌పూర్‌లో బాండ్లీలు దొరకవా మామా?”

“దొరుకుతాయి. అక్కడి ఇనుము ఎట్లుంటాదో ఎవరికి తెలుసు?” ఒకటి మాత్రం తీసుకుపోయాడు, పెద్దాయన మనసు కష్టపెట్టడం ఎందుకని.

రాయవేలూరులో జూన్ మొదటి వారంలో ఒక పెళ్లికి పౌర్ణమి ఆర్కెస్ట్రాను అడిగారు. ఆ రోజుకు కార్తిని కూచోబెట్టుకోవచ్చు కదా అని ఒకరన్నారు. తంగవేలు ఒప్పుకోలేదు. కార్తి కూడా ఒప్పుకోలేదు. “ఆ ప్యాడ్ల మీద ఉండే అంకెలు నాగలింగం అన్న ఎడమ చెయ్యివి. నేను కొడితే స్పీకరు చినుగుతాది,” అన్నాడు. పెళ్లివాళ్లకు వేరే ట్రూపును చూపించి, తంగవేలు ప్యాడ్ల మీద తెల్ల దుప్పటి కప్పాడు. ఆ సీటులో ఎవరూ కూర్చోవడం లేదు.

ఇంట్లో క్యాలెండరులో ఒక తేదీ చుట్టూ కాంతమ్మ ఎర్ర పెన్సిలుతో సున్నా చుట్టింది. ఆ రోజుకు పేర్ణాంబట్టు కంపెనీలో సెలవు కూడా ముందే చెప్పేసింది. తంగవేలు వ్యాను గుడియాత్తం స్టేషనుకు పోతుంది, బలరామయ్య ముందు సీటులో కూర్చుంటానని ఇప్పుడే చెప్పిపెట్టాడు. నాగలింగం రైలు దిగే రోజు 1997 జూన్ 12, గురువారం.